మార్కులు తగ్గిన పిల్లలు – పై చదువుల దరఖాస్తు

పాఠం ఉద్దేశం: 10, 12 తరగతుల్లో మార్కులు తగ్గిన మన పిల్లలకు ఏ దారులు ఉన్నాయో తెలుసుకొనుట. ఇంటి కష్టాలను దరఖాస్తులో ఎక్కడ, ఎలా తెలపాలో నేర్చుకొనుట.

ఎవరి కొరకు: విద్యార్థులు, తల్లిదండ్రులు, యౌవనుల నాయకులు, సంఘ పెద్దలు.



ప్రతి సంవత్సరం వేసవిలో బోర్డు పరీక్షల ఫలితాలు వస్తాయి. 90 శాతం తెచ్చుకున్న పిల్లల పేర్లు చదివి, బహుమానాలు ఇచ్చి, చప్పట్లు కొడతాము. అది మంచిదే. అయితే 45 శాతం, 50 శాతం వచ్చిన పిల్లలు ఆ ఆదివారం వెనుక బల్లమీద కూర్చుంటారు, లేదా అసలు రారు. వారి తల్లిదండ్రులు కూడా ఎవరూ అడగకముందే ఇంటికి బయలుదేరతారు. ఈ నెల పాఠం వారి కొరకు.

వీరిలో అనేకులకు మార్కులు తగ్గడానికి బలమైన కారణాలే ఉన్నాయి. తండ్రికి పని పోయింది. తల్లి మంచాన పడింది. పరీక్షల సంవత్సరంలోనే ఇల్లు మారవలసి వచ్చింది. బిడ్డ బడి వదిలాక దుకాణంలో రాత్రి 10 గంటల దాకా నిలబడ్డాడు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం లేక తమిళం లేక మరాఠీ లేక ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు. ఇలాంటి పిల్లలు మూడు భాషల మధ్య నలిగిపోయారు. ఇవన్నీ నిజమైన కష్టాలే. కాని కష్టం నిజమైనంత మాత్రాన సీటు రాదు. దానిని లెక్కలోకి తీసుకునే చోట చెప్పాలి. చెప్పినదానికి తేదీ ఉండాలి, కాగితం ఉండాలి, ఆ తరువాత బిడ్డ ఏమి చేశాడో చెప్పే ఒక మాట ఉండాలి. ఈ పాఠమంతటిలో గుర్తుంచుకోవలసినది ఇదే.

1. విశ్వవిద్యాలయాల తలుపులు నాలుగు రకాలు

మొదటి రకం, మార్కులు మాత్రమే చూసేవి. ఒడిశాలో డిగ్రీ ప్రవేశాలు సామ్స్ అనే ప్రభుత్వ పద్ధతిలో మార్కుల వరుసను బట్టి జరుగుతాయి. తమిళనాడులో 2007 నుండి ఇంజనీరింగుకు ప్రవేశ పరీక్ష లేదు, 12వ తరగతి లెక్కలు, భౌతిక, రసాయన శాస్త్రాల మార్కులే ఆధారం. ఇలాంటి చోట కంప్యూటరు అంకెలను వరుసలో పెడుతుంది. కష్టాలు వ్రాయడానికి ఆ దరఖాస్తులో గడియే ఉండదు. ప్రిన్సిపాల్ గారి కాళ్ళు పట్టుకున్నా వరుస మారదు.

రెండవ రకం, ప్రవేశ పరీక్ష చూసేవి. పాత మార్కులు తక్కువైనా ఇక్కడ కొత్తగా నిరూపించుకునే అవకాశం ఉంది.

మూడవ రకం, 12 ఉత్తీర్ణులైతే చాలు అనేవి. సార్వత్రిక విశ్వవిద్యాలయాలు ఈ కోవలోనివి.

నాలుగవ రకం, విద్యార్థి వ్రాసింది చదివి, పిలిచి మాట్లాడేవి. బెంగళూరులో 2010లో ఏర్పడిన అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం ఇందుకు ఉదాహరణ. అక్కడ ప్రవేశ పరీక్షతో పాటు ఇంటర్వ్యూ ఉంటుంది, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు సహాయం కూడా ఉంటుంది. విదేశాలలో ఈ రకం ఎక్కువ. బ్రిటన్ దరఖాస్తులో విద్యార్థి తన గురించి తాను వ్రాయాలి. పాఠశాల ఇచ్చే సిఫారసులో విద్యార్థి చదువుకు అడ్డువచ్చిన పరిస్థితులను తెలపడానికి వేరే చోటు ఉంది.

మన కుటుంబాలు సాధారణంగా చేసే పొరపాటు ఏమిటంటే, నాలుగవ తలుపు దగ్గర చెప్పవలసిన సంగతులను మొదటి తలుపు దగ్గర చెప్పి, నిరాశపడి, ఇక చదువే వద్దనుకోవడం. ముందు తలుపు ఏ రకమో చూడండి. తరువాత కలం పట్టండి.

2. మొదట మార్కులనే బాగుచేయగలమేమో చూడండి

ఫలితం వచ్చిన వెంటనే పునర్మూల్యాంకనం, సప్లిమెంటరీ పరీక్ష గడువులు మొదలవుతాయి. ఇవి కొద్ది దినాలే ఉంటాయి. ఇంట్లో కోపతాపాలతో ఆ వారం గడిచిపోతే సంవత్సరం పోతుంది గనుక తల్లిదండ్రులు ముందుగా గడువు తేదీ చూసి, తరువాత మందలించండి.

కర్ణాటకలో 2024 నుండి పది, పి.యు.సి. విద్యార్థులు ఒకే సంవత్సరంలో ఒకటికి మించిన పరీక్షలు వ్రాసి, ఎక్కువ వచ్చిన మార్కులను నిలుపుకునే పద్ధతి వచ్చింది. మహారాష్ట్ర బోర్డులో ఉత్తీర్ణులైనవారు కూడా మార్కులు పెంచుకోవడానికి తరగతి మెరుగుదల పథకం ఉంది.

తప్పిన పిల్లలకు, మధ్యలో బడి మానినవారికి జాతీయ సార్వత్రిక పాఠశాల, అంటే ఎన్.ఐ.ఓ.ఎస్., పెద్ద ఆసరా. ఇది 1989లో మొదలైంది. ఒకసారి చేరితే 5 సంవత్సరాలలో 9 సార్లు పరీక్ష వ్రాసే అవకాశం ఉంటుంది. ఒక్కొక్క సబ్జెక్టుగా పూర్తి చేసుకోవచ్చు. గుర్తింపు గల బోర్డులో ఇంతకుముందు ఉత్తీర్ణులైన సబ్జెక్టులలో రెండింటి మార్కులను ఇక్కడికి మార్చుకోవచ్చు. 10వ తరగతిని తెలుగు మాధ్యమంలో వ్రాసే వీలు కూడా ఉంది. పగలు పనికి పోయే బిడ్డకు, పెండ్లి అయిన కుమార్తెకు, ఇతర రాష్ట్రంలో బడి భాష అందక మానేసినవారికి ఇది సరిపోతుంది. ఈ సర్టిఫికెట్టు ఇతర బోర్డులతో సమానమైనదే గనుక దీనిని చిన్నచూపు చూడవద్దు.

3. తక్కువ మార్కులతో నడవగల దారులు

కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష, సి.యు.ఇ.టి., 2022లో డిగ్రీ ప్రవేశాలకు మొదలైంది. దీనిని తెలుగు, కన్నడం, తమిళం, మరాఠీ, ఒడియాలతో సహా 13 భాషలలో వ్రాయవచ్చు. అంతకుముందు ఢిల్లీ విశ్వవిద్యాలయపు పేరున్న కళాశాలల్లో 12వ తరగతి మార్కులు 95 దాటినా సీటు దొరకని కోర్సులు ఉండేవి. ఇప్పుడు ఆ సీట్లకు ఈ పరీక్ష మార్కులే ప్రధానం. కొన్ని కోర్సులకు 12లో కనీస శాతం అడుగుతారు గనుక అది చూసుకోవాలి. ముఖ్యమైన సంగతి, ఈ దరఖాస్తు గడువు బోర్డు ఫలితాలకు ముందే ముగిసిపోతుంది. మార్కులు వచ్చాక చూద్దాము అనుకునేవారు ఈ తలుపును ప్రతి ఏటా పోగొట్టుకుంటున్నారు.

సార్వత్రిక విశ్వవిద్యాలయాలు మన దేశంలో 1982లో హైదరాబాదుతో మొదలైనవి. నేడు ఆ విశ్వవిద్యాలయం డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో ఉంది. 1985లో పార్లమెంటు చట్టంతో ఇగ్నో వచ్చింది. మన సంఘాలున్న రాష్ట్రాలలో నాసిక్‌లో యశ్వంతరావ్ చవాన్ (1989), మైసూరులో కర్ణాటక (1996), చెన్నైలో తమిళనాడు (2002), సంబల్‌పూర్‌లో ఒడిశా (2015) సార్వత్రిక విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. ఇగ్నో సాధారణ బి.ఏ.కు 12 ఉత్తీర్ణత చాలు, ఇంత శాతం కావాలనే నియమం లేదు. జనవరి, జూలై నెలలలో రెండుసార్లు ప్రవేశాలు ఉంటాయి. 3 సంవత్సరాల డిగ్రీని 6 సంవత్సరాలలోపు ముగించవచ్చు. గుర్తింపు ఉన్న దూరవిద్యా డిగ్రీలు మామూలు కళాశాల డిగ్రీలతో సమానమని యు.జి.సి. 2022లో మరల ప్రకటించింది.

పాలిటెక్నిక్ మరొక మంచి దారి. 10 ఉత్తీర్ణులై మూడేళ్ళ డిప్లొమా చేసినవారు 45 శాతం, రిజర్వేషను వర్గాలవారైతే 40 శాతం తెచ్చుకుంటే, ఇంజనీరింగు రెండవ సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. 12వ తరగతి మార్కులను అక్కడ అడగరు. పదిలో వెనుకబడిన బిడ్డ డిప్లొమాలో చేతిపని ద్వారా నిలదొక్కుకుంటే, పాత అంకెలు అతని వెంట రావు.

నర్సింగులో బి.ఎస్‌సి.కి 12లో సైన్సు సబ్జెక్టులతో 45 శాతం కావాలి. అది లేనివారు జి.ఎన్.ఎం. డిప్లొమాకు ఏ గ్రూపుతోనైనా, ఇంగ్లీషు సబ్జెక్టుతో, 40 శాతంతో వెళ్ళవచ్చు. రిజిస్ట్రేషను పొందిన తరువాత పోస్ట్ బేసిక్ బి.ఎస్‌సి. చేసి అదే మెట్టు చేరవచ్చు.

ఉపాధ్యాయులు కాగోరే పిల్లలకు ఒక మాట. 2014 నాటి ఎన్.సి.టి.ఇ. నిబంధనల ప్రకారం బి.ఇడి.కి డిగ్రీలో గాని, పి.జి.లో గాని 50 శాతం ఉంటే చాలు. అంటే డిగ్రీలో 46 వచ్చినవారు ఎం.ఏ.లో 52 తెచ్చుకుంటే అర్హులే. ఈ నియమం తెలియక డిగ్రీతోనే ఆశ వదులుకున్నవారు మన మధ్య ఉన్నారు.

4. తొందరపడి మోసపోవద్దు

మార్కులు తగ్గిన కుటుంబాన్ని వెదుక్కుంటూ ఏజెంట్లు వస్తారు. ఒక్క సంవత్సరంలో డిగ్రీ, పరీక్ష ఇంటి నుండే, పాత తేదీతో సర్టిఫికెట్టు అంటారు. యు.జి.సి. నకిలీ విశ్వవిద్యాలయాల పట్టికను ప్రకటిస్తూ ఉంటుంది. డబ్బు కట్టకముందు ఆ పట్టిక చూడండి. ఇంజనీరింగు, వైద్యం, న్యాయశాస్త్రం డిగ్రీలను దూరవిద్యలో ఇవ్వడానికి అనుమతి లేదు. ఎవరైనా ఇస్తామంటే నమ్మవద్దు.

మంచి పేరున్న సంస్థ అయినా, మీరు చేరే సంవత్సరానికి, మీరు చేరే కోర్సుకు గుర్తింపు ఉన్నదా అని చూడాలి. కర్ణాటక సార్వత్రిక విశ్వవిద్యాలయానికి 2013–14 నుండి వర్తించేలా గుర్తింపు పోయి, 2018లో తిరిగి వచ్చింది. మధ్య సంవత్సరాల విద్యార్థులు పట్టా చేతపట్టుకుని ఎంతో ఇబ్బందిపడ్డారు. 2024 నుండి దూరవిద్యలో చేరే ప్రతి విద్యార్థికి డి.ఇ.బి. ఐ.డి. అనే గుర్తింపు సంఖ్య తప్పనిసరి. గుర్తింపు లేని కోర్సుకు ఆ సంఖ్యతో చేరడం కుదరదు గనుక ఇది విద్యార్థికే రక్ష.

తమిళనాడులో ఉన్నవారు మరొకటి గమనించాలి. 10, 12 తరగతులు దాటకుండా నేరుగా తెచ్చుకున్న సార్వత్రిక పట్టాలు చెల్లవని 2009లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగాలకు అక్కడ 10, ఆ తరువాత 12, ఆ తరువాత డిగ్రీ అనే వరుసనే చూస్తారు. కాబట్టి మెట్టు వదిలి ఎక్కవద్దు.

5. ప్రభుత్వం గుర్తించే కష్టాలు

కొన్ని కష్టాలకు నియమాలలోనే చోటు ఉంది. అక్కడ కథ అవసరం లేదు. సరియైన ధ్రువపత్రం ఉంటే చాలు.

తమిళనాడులో కుటుంబంలో మొదటి పట్టభద్రుడు కాబోయే విద్యార్థికి వృత్తివిద్యా కోర్సుల ట్యూషను ఫీజులో రాయితీ ఉంది. దానికి తహసీల్దారు కార్యాలయం నుండి మొదటి పట్టభద్ర ధ్రువపత్రం తేవాలి. 6 నుండి 12 వరకు ప్రభుత్వ పాఠశాలలో చదివిన పిల్లలకు అక్కడ 2020లో వైద్య విద్యలో, 2021లో ఇంజనీరింగు మొదలైన వాటిలో 7.5 శాతం సీట్లు కేటాయించారు. మహారాష్ట్రలో 2018 నుండి అనాథ పిల్లలకు 1 శాతం కోటా ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం లేక అంతకు మించిన వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ, ప్రభుత్వ సహాయం పొందే ఉన్నత విద్యాసంస్థలలో 5 శాతం సీట్లు, వయస్సులో 5 సంవత్సరాల సడలింపు ఉన్నాయి. యానాం విద్యార్థులకు పుదుచ్చేరి సెంటాక్ ప్రవేశాలలో తమ ప్రాంతానికి ప్రత్యేకించిన సీట్లు ఉన్నాయి, నివాస ధ్రువపత్రం ముందే సిద్ధం చేసుకోవాలి.

కుల ధ్రువపత్రం విషయంలో మన వలస కుటుంబాలు బహు జాగ్రత్తగా ఉండాలి. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వలన 9వ ఏట బొంబాయి చేరిన ఒక విద్యార్థి, ఆంధ్రలో తమకున్న ఎస్.టి. హోదాతో అక్కడ వైద్య కళాశాల సీటు అడిగాడు. ఒక రాష్ట్రపు హోదా వలస వెళ్ళిన రాష్ట్రంలో రిజర్వేషను హక్కు ఇవ్వదని 1990లో సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మమ్మగారి ఊరి ధ్రువపత్రం జతచేసి, ఆఖరి నిమిషంలో సీటు పోగొట్టుకోవడానికి ఇదే కారణం. మీరు నివసించే రాష్ట్రంలో మీకు ఏ వర్గం వర్తిస్తుందో తహసీల్దారు కార్యాలయంలో ముందే అడగండి.

ఇంకొక సంగతి మనకు దగ్గరిది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్.సి. హోదా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే. క్రైస్తవ విశ్వాసాన్ని ఆచరిస్తూ, కేవలం ఉద్యోగ ప్రయోజనం కొరకు హిందువునని చెప్పి ఎస్.సి. ధ్రువపత్రం కోరడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని పుదుచ్చేరి నుండి వచ్చిన వ్యాజ్యంలో 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఈ నియమం న్యాయమా కాదా అనే చర్చ ఎన్నో ఏండ్లుగా ఉంది. కాని దరఖాస్తులో వ్రాసేది నేటి చట్టం ప్రకారమే ఉండాలి. తప్పుడు ధ్రువపత్రంతో వచ్చిన సీటు చివరి సంవత్సరంలో కూడా పోవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఎస్.సి. నుండి క్రైస్తవులైనవారికి బి.సి.–సి వర్గం ఉంది. ఇతర రాష్ట్రాలలో వెనుకబడిన తరగతుల పట్టికలో చోటు ఎక్కడో విచారించండి. ఎస్.టి. హోదాకు మతంతో ముడి లేదు.

6. కష్టాన్ని ఎలా వ్రాయాలి?

నాలుగవ రకం తలుపు దగ్గర, ఉపకార వేతనాల దరఖాస్తులో, ఇంటర్వ్యూలో మీ పరిస్థితిని చెప్పే చోటు దొరుకుతుంది. అక్కడ మన పిల్లలు సాధారణంగా ఇలా వ్రాస్తారు:

“మాది చాలా బీద కుటుంబం. చిన్నప్పటి నుండి ఎన్నో కష్టాలు పడ్డాను. దయచేసి నా మీద కనికరించి సీటు ఇప్పించండి. జీవితాంతం ఋణపడి ఉంటాను.”

ఇందులో అబద్ధం లేదు. అయితే చదివేవారికి తెలిసినది కూడా ఏమీ లేదు. ఏ కష్టం? ఎప్పుడు? దాని వలన చదువుకు ఏమి నష్టం? ఇప్పుడు తీరిందా? ఇలాంటి ఉత్తరాలు వారి బల్లమీద వందల కొలది ఉంటాయి. ఇప్పుడు షోలాపూరులో ఒక అమ్మాయి వ్రాసిందనుకొని ఈ క్రింది మాటలు చదవండి:

“నేను 12వ తరగతిలో ఉండగా 2024 నవంబరు నుండి 2025 ఫిబ్రవరి వరకు మా నాన్నగారికి వారానికి 2 సార్లు డయాలిసిస్ జరిగింది. ఆయనను ఆసుపత్రికి తీసుకుపోయేది నేనే గనుక ఆ 4 నెలల్లో 31 రోజులు కాలేజీకి వెళ్ళలేదు. 10లో 71 శాతం ఉన్న నా మార్కులు 12లో 49కి తగ్గాయి. 2025 మార్చిలో మా అన్నయ్య ఇంటికి తిరిగి వచ్చి ఆ బాధ్యత తీసుకున్నాడు. తరువాత నేను 6 నెలలు ట్యాలీ నేర్చుకుని ఒక దుకాణంలో లెక్కలు వ్రాస్తున్నాను. ఆసుపత్రి పత్రం, హాజరు పత్రం, దుకాణం వారి లేఖ జతచేశాను.”

ఇది ఆరు వాక్యాలు. ఏమి జరిగింది, ఎప్పటి నుండి ఎప్పటి వరకు, చదువుకు ఎంత నష్టం, ఇప్పుడు ఎలా ఉంది, ఆ తరువాత నేను ఏమి చేశాను, ఋజువు ఏది – ఈ ప్రశ్నలన్నిటికీ ఆ వాక్యాలలో జవాబు ఉంది. ఇందులో బ్రతిమాలడం లేదు. నాలుగవ, ఐదవ వాక్యాలు అన్నిటికంటె ముఖ్యం. ఈ అమ్మాయి వస్తే చదువు సాగించగలదా అన్నదే చదివేవారి మనస్సులోని అసలు ప్రశ్న. దానికి ఆ రెండు వాక్యాలే జవాబు.

కాగితం లేని కష్టాలు కూడా ఉన్నాయి. తండ్రి త్రాగుడు, ఇంట్లో గొడవలు, కొట్టడం. వీటిని వివరంగా వ్రాయవలసిన పని లేదు. “ఇంటి పరిస్థితుల వలన ఆ సంవత్సరం మా పిన్నిగారి ఇంట ఉండి చదివాను” అన్నంత చాలు. ఆ సంగతి ఎరిగిన తరగతి ఉపాధ్యాయుడు లేక ప్రధానోపాధ్యాయుడు ఒక లేఖ ఇస్తే అది బలమైన ఋజువు. సంఘ పెద్దలు లేఖ ఇచ్చేటప్పుడు తాము కంటితో చూచినదే వ్రాయాలి. “ఈ బిడ్డ రెండేండ్లుగా ప్రతి శనివారం 12 మంది పిల్లలకు లెక్కలు చెప్పుచున్నాడు” అనే ఒక్క మాట “మిక్కిలి సద్గుణవంతుడు” అనే పేజీకన్న ఎక్కువ పని చేస్తుంది.

చరిత్రలో ఒక దరఖాస్తును చూడండి. శ్రీనివాస రామానుజన్ 1887లో ఈరోడ్‌లో పుట్టి కుంభకోణంలో పెరిగాడు. లెక్కల్లో ఎంత ఘనుడైనా ఇతర సబ్జెక్టులు తప్పి, కళాశాల ఉపకార వేతనం పోగొట్టుకున్నాడు. ఎఫ్.ఏ. పరీక్ష తప్పాడు. 1912లో మద్రాసు పోర్ట్ ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తాగా చేరాడు. 1913 జనవరిలో కేంబ్రిడ్జిలోని హార్డీకి ఉత్తరం వ్రాశాడు. అందులో తాను గుమాస్తానని, జీతం ఇంతని, విశ్వవిద్యాలయ విద్య లేదని మొదటనే దాచకుండా చెప్పాడు. వెంటనే తన పనిలోకి వెళ్ళి, కనుగొన్న సూత్రాల కాగితాలు జతచేశాడు. ఆ సంవత్సరమే పట్టా లేని ఈ గుమాస్తాకు మద్రాసు విశ్వవిద్యాలయం నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం ఇచ్చింది. 1918లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. మనమందరం రామానుజన్‌లము కాము. కాని ఆ ఉత్తరపు వరుస అందరికీ పనికివస్తుంది: లోటును ఒక్కసారి నిజాయితీగా చెప్పాలి, మిగిలిన కాగితమంతా చేసిన పనికి ఇవ్వాలి.

7. కాగితాల సంచి

దరఖాస్తులు మార్కుల వలన పోయినట్లే కాగితాల వలన కూడా పోతాయి. మన కుటుంబాలలో పేరు తేడా ఎక్కువ. బడిలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనుక, బాప్తిస్మపు పేరు ఒకచోట, తండ్రి పేరులోని మొదటి అక్షరం మరొకచోట. 10వ తరగతి సర్టిఫికెట్టులోని పేరును ప్రమాణంగా తీసుకుని మిగిలినవి దానికి సరిచేయించండి. ఇది 9వ తరగతిలో ఉండగానే చూసుకుంటే సులువు.

చదువు మధ్యలో ఖాళీ సంవత్సరం ఉంటే అనేక కళాశాలలు స్టాంపు కాగితం మీద అఫిడవిట్ అడుగుతాయి. బోర్డు లేక రాష్ట్రం మారితే మైగ్రేషన్ సర్టిఫికెట్టు కావాలి. ఆదాయ ధ్రువపత్రం తాజాగా ఉండాలి. టి.సి., మార్కుల జాబితాలు, కులం, నివాసం, ఆదాయం – అన్నీ రెండేసి నకళ్ళు తీసి ఒకే సంచిలో ఉంచండి. చేరిన కళాశాల మీ అసలు సర్టిఫికెట్లను తన దగ్గర పెట్టుకోరాదని, విద్యార్థి మానుకుంటే గడువుల ప్రకారం ఫీజు తిరిగి ఇవ్వాలని యు.జి.సి. 2018లో ఆదేశించింది. వేరే చోట మంచి సీటు వచ్చినప్పుడు ఈ నియమం గుర్తుచేసి మర్యాదగా అడగండి.

8. సంఘం చేయగల పని

డబ్బు సహాయం అందరికీ సాధ్యం కాకపోవచ్చు. ఈ నాలుగు పనులు ఏ చిన్న సంఘమైనా చేయగలదు. జనవరిలో ఒక సాయంత్రం 12వ తరగతి పిల్లలను కూర్చోబెట్టి ప్రవేశ పరీక్షల గడువులు గోడమీద వ్రాయడం. ఫలితాల వారంలో తప్పిన పిల్లల ఇండ్లకు ఇద్దరు పెద్దలు వెళ్ళడం, ఓదార్చడంతో పాటు సప్లిమెంటరీ ఫీజు గడువు చెప్పడం. కంప్యూటరు తెలిసిన యౌవనుడొకరు దరఖాస్తులు నింపిపెట్టడం. స్థానిక భాష బాగా వచ్చినవారొకరు తహసీల్దారు కార్యాలయానికి తోడుగా వెళ్ళడం.

ఉపాధ్యాయ శిక్షణలో మాకు చెప్పిన ఒక మాట నేటికీ మరువలేదు. పరీక్ష కొలిచేది ఆ రోజు ఆ ప్రశ్నలకు ఇచ్చిన జవాబులను. ఆ బిడ్డ వచ్చే పదేండ్లలో ఏమి నేర్చుకోగలడో ఆ కాగితం చెప్పదు. కాబట్టి తల్లిదండ్రులారా, 47 అని వచ్చిన చోట బిడ్డతో ముందు అడగవలసినది “ఎందుకిలా చేశావు?” అని కాదు, “గడువు ఎప్పటికి?” అని. పిల్లలారా, సిగ్గుతో ఇంట్లో కూర్చుంటే గడువులు మీ కొరకు ఆగవు. ఈ నెలలోనే ఒక తలుపు ఎంచుకుని తట్టండి.

చర్చకు ప్రశ్నలు

1. మీ రాష్ట్రంలో డిగ్రీ, ఇంజనీరింగు ప్రవేశాలు పైన చెప్పిన నాలుగు రకాలలో దేనికి చెందుతాయి?

2. మీ ఇంట్లో 10వ తరగతి సర్టిఫికెట్టు, ఆధార్, టి.సి.లలో పేరు ఒకే విధంగా ఉన్నదా? ఈ వారం పోల్చి చూడండి.

3. మీ కుటుంబానికి జరిగిన ఒక కష్టాన్ని ఆరు వాక్యాలలో వ్రాయండి. తేదీలు, ఋజువు, ఆ తరువాత చేసిన పని ఉన్నాయా?

4. మీరు నివసించే రాష్ట్రంలో మీకు వర్తించే వర్గం ఏది? ధ్రువపత్రం ఎవరు ఇస్తారు?

5. గత మూడేండ్లలో మన సంఘంలో చదువు మానిన పిల్లలు ఎందరు? వారిలో ఎన్.ఐ.ఓ.ఎస్. లేక సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేరగలవారు ఎవరు? వారి ఇంటికి ఎవరు వెళ్తారు?